ఇంగ్లిష్ పెద్ద పేపర్ ఎవరిది, ఎవరి కోసం అచ్చవుతుంది?

దేవరకొండ రవళి | శనివారం, సాయంత్రం 6:20

అందరికీ నమస్తే. నేను గ్రూప్-1కు చదువుతున్నాను. పొద్దున్నే నల్లగొండ జిల్లా గ్రంథాలయానికి పోతాను. అక్కడ 'ది హిందూ' ఒకటే కాపీ వస్తుంది. ఒకరికి మొదటి పేజీలు, ఇంకొకరికి సంపాదకీయం పేజీ, మరొకరికి బిజినెస్ పేజీలు. అట్లా విడదీసుకొని, మార్చుకుంటూ చదువుతాం.

పోయిన వారం ఊరికి పోయినప్పుడు పాత పేపర్ ఒకటి నా బ్యాగులో ఉంది. మా నాన్న బత్తాయి రైతు, ఏడో తరగతి దాకా చదివారు. తెలుగు పేపర్లు ఏది ఎవరిదో ఆయనకు నోటికి వచ్చు. ఒకే వార్తను రెండు పేపర్లలో చదివి, ఎవరు ఎంత పెంచారో, ఎంత తగ్గించారో లెక్క తీస్తారు. ఆయన ఈ ఇంగ్లిష్ పేపర్ తిరగేసి "ఇది ఎవరిది బిడ్డా?" అని అడిగారు. నాకు తెలియలేదు. రెండేళ్లుగా గీతలు పెట్టుకుంటూ చదువుతున్న పేపర్ యజమాని ఎవరో చెప్పలేకపోయాను. చాలా బాధనిపించింది.

నాన్న ఇంకో మాట కూడా అడిగారు. "ఇంత లావు పేపర్ల మనూరి దిక్కు ముచ్చట ఒక్కటి లేదేంది?" దానికీ నా దగ్గర జవాబు లేదు. ఈ పేపర్లు ఎవరి చేతిలో ఉంటాయి, వాటిని అడిగే వాళ్లు ఎవరు, ఎవరిని మనసులో పెట్టుకొని అచ్చేస్తారు? తెలిసిన వాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

నకిరేకల్ నరేష్ | శనివారం, రాత్రి 7:02

అక్కా, పరీక్షకు వచ్చేది అందులోంచే కదా. ఎవరిదైతే మనకెందుకు? కోచింగ్ సార్లు కూడా తెలుగు పేపర్ పక్కన పెట్టమంటారు.

గద్వాల వకీలు | శనివారం, రాత్రి 8:05

నరేష్ తమ్ముడూ, ఎందుకో కాసేపట్లో నీకే తెలుస్తుంది.

రవళి గారూ, ముందు ఒక పని చేయండి. ఈసారి పేపర్ చేతికి రాగానే చివరి పేజీ అడుగున చూడండి. అక్కడ లేకపోతే లోపలి పేజీల్లో వెతకండి. చీమ తలకాయంత అక్షరాలతో రెండు మూడు వరుసలు ఉంటాయి. దాన్ని ఇంప్రింట్ అంటారు. ఎవరి తరఫున ఎవరు అచ్చేశారు, ఎవరు ప్రచురించారు, ఏ ప్రెస్సులో, ఎడిటర్ ఎవరు అన్నది అందులో ఉండాలి. ఎడిటర్ పేరు దగ్గర చుక్క గుర్తు పెట్టి, చట్టం ప్రకారం వార్తల ఎంపికకు బాధ్యులు ఈయనే అని కూడా రాస్తారు. పరువునష్టం నోటీసు ఇవ్వాలంటే మేము మొదట వెతికేది ఆ వరుసే.

1867లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన చట్టంతో మొదలైన పద్ధతి ఇది. దాని స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2024 మార్చి 1 నుంచి అది అమల్లో ఉంది. మనం ఆర్.ఎన్.ఐ. అని పిలిచే ఆఫీసు ఇప్పుడు ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం అయింది. రిజిస్ట్రేషన్ పని ఆన్‌లైన్ పోర్టల్‌కు మారింది. అయితే రిజిస్ట్రార్ చూసేది పేరు, యజమాని, ఎడిటర్, అచ్చయ్యే చోటు లాంటి వివరాలు. యజమానికి ఇంకా ఏ వ్యాపారాలున్నాయి, ఏ పార్టీతో చుట్టరికం ఉంది అన్నది ఆ ఆఫీసు పని కిందకు రాదు.

పాత నిబంధనల్లో నాకు నచ్చిన ఒక విషయం ఉంది. ఏటా ఫిబ్రవరి అయిపోయాక వచ్చే మొదటి సంచికలో 'ఫారం 4' అనే ప్రకటన వేయాల్సి ఉండేది. కంపెనీ పెట్టుబడిలో ఒక శాతం కంటే ఎక్కువ వాటా ఉన్న వాళ్ల పేర్లన్నీ అందులో ఇవ్వాల్సి వచ్చేది. మీ లైబ్రరీలో పాత మార్చి నెల కట్టలు దొరికితే తిరగేయండి. మీ నాన్నగారి ప్రశ్నకు పేపరే రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు అది.

పాలమూరు మాష్టారు | శనివారం, రాత్రి 9:30

రవళీ, నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన వాణ్ని. మీ నాన్నకు ఇట్లా చెప్పు.

ది హిందూ 1878 సెప్టెంబరు 20న మద్రాసులో వారపత్రికగా పుట్టింది. ఆ ఊళ్లోని తిరువల్లిక్కేణి (ట్రిప్లికేన్)లో ఉండే ఆరుగురు యువకులు, అందులో నలుగురు లా విద్యార్థులు, ఇద్దరు పంతుళ్లు, అప్పు చేసి 80 కాపీలు వేశారు. మద్రాసు హైకోర్టుకు మొదటి భారతీయ జడ్జిగా ముత్తుస్వామి అయ్యర్‌ను నియమిస్తే తెల్లవాళ్ల పత్రికలు అడ్డం పడ్డాయి. వాటికి జవాబు చెప్పడానికి తమకంటూ ఒక పత్రిక కావాలనుకున్నారు. 1889లో అది దినపత్రిక అయింది. 1905లో కస్తూరి రంగ అయ్యంగార్ 75,000 రూపాయలకు కొన్నారు. ఆయన కూడా వకీలే. అప్పటి నుంచి ఆ కుటుంబం చేతిలోనే ఉంది. కంపెనీ పేరు కస్తూరి అండ్ సన్స్. ఇప్పుడు పేపర్‌ను వెలువరించేది దాని కింద ఏర్పడిన టీహెచ్‌జీ పబ్లిషింగ్. ఏ పార్టీదీ కాదు, స్టాక్ మార్కెట్లో షేర్లు అమ్మే కంపెనీ కూడా కాదు.

కుటుంబం అన్నాక అన్నదమ్ముల పంచాయితీలు ఉంటాయి. 2012 మొదట్లో కుటుంబం బయటి వ్యక్తి సిద్ధార్థ్ వరదరాజన్ ఎడిటర్ అయ్యారు. 2013 అక్టోబరులో బోర్డు మళ్లీ కుటుంబ సభ్యులకే సంపాదక బాధ్యత అప్పగించింది. ఆయన రాజీనామా చేశారు. సంపాదకుడి కుర్చీ ఎవరిదో తేల్చేది చివరికి వాటాదారులే అని అప్పుడు దేశమంతా చూసింది.

మిగతావి కూడా రాసుకో. టైమ్స్ ఆఫ్ ఇండియా 1838 నాటిది, బెనెట్ కోల్మన్ కంపెనీ, జైన్ కుటుంబం. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రామ్‌నాథ్ గోయెంకాది. 1991లో ఆయన పోయాక కుటుంబం రెండుగా విడిపోతే పేపరూ రెండైంది. మన దక్షిణాదిలో కనిపించే న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వేరే సంస్థది. రెండూ ఒకటే అనుకొని ఇంటర్వ్యూల్లో దొరికిపోయే పిల్లలున్నారు. ట్రిబ్యూన్ మాత్రం వేరే తీరు. 1881లో లాహోర్‌లో దయాల్ సింగ్ మజీఠియా మొదలుపెట్టారు. ఆయన తర్వాత దాన్ని ట్రస్టు నడుపుతోంది. వారసులు, వాటాదారులు లేకుండా కూడా పెద్ద పేపర్ నూరేళ్లు దాటి నడవగలదని దాన్ని చూస్తే తెలుస్తుంది.

సూర్యాపేట శ్రీను | శనివారం, రాత్రి 10:11

మాష్టారూ, పార్టీ పేపర్లకంటే ఇదే నయం అంటారా అయితే?

పాలమూరు మాష్టారు | శనివారం, రాత్రి 10:40

శ్రీనూ, ఒక విధంగా పార్టీ పేపరే సులువు. సాక్షి 2008లో జగన్మోహన్ రెడ్డి కుటుంబం పెట్టింది. నమస్తే తెలంగాణ 2011 జూన్‌లో ఉద్యమ కాలంలో కేసీఆర్ పార్టీ వైపు నుంచి వచ్చింది. నవ తెలంగాణ సీపీఎం దారిది. వెలుగు వివేక్ వెంకటస్వామి వాళ్లది. ఇది బడిపిల్లలకు కూడా తెలుసు. తెలుసు కాబట్టే రవళి వాళ్ల నాన్న రెండు పేపర్లు పక్కపక్కన పెట్టుకొని చదువుతున్నాడు. యజమాని తెలియని చోట మనం ఆ జాగ్రత్త తీసుకోం. కోచింగ్ సార్లు 'ఇది నిష్పక్షపాతం' అని ముద్ర వేసి చేతిలో పెడితే, పిల్లలు సంపాదకీయాన్ని పాఠ్యపుస్తకం లాగా బట్టీ పడుతున్నారు. నా దిగులంతా అదే. నరేష్, నువ్వు అడిగినదానికి కూడా ఇదే నా జవాబు.

మన దిక్కు చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేస్తాను. 1922లో నల్లగొండ నుంచే 'నీలగిరి' అనే వారపత్రిక వచ్చింది. షబ్నవీసు వెంకట రామనరసింహారావు నడిపారు. రాజ్యం నిజాంది, అధికార భాష ఉర్దూ. అయినా ఒక జిల్లా కేంద్రంలో కూర్చొని తెలుగు పత్రిక వేశారు. 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో 'గోలకొండ' పెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు అంటే, 354 మంది కవులతో 1934లో ప్రత్యేక సంచిక తెచ్చి చూపించారు. బయటి పత్రిక మన ఊసు ఎత్తకపోతే ఏం చేయాలో వాళ్లు నూరేళ్ల కిందే ఆలోచించారు.

హైదరాబాదు ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు నడిరోడ్డు మీద చంపారు. ఎడిటర్ పేరు అచ్చులో ఉండటానికి ఈ నేలమీద ఒక మనిషి ప్రాణం పెట్టాడు. ఇంప్రింట్ చదివేటప్పుడు నాకు ఆయనే గుర్తొస్తాడు.

మిర్యాలగూడ ఏజెంట్ | ఆదివారం, ఉదయం 5:50

ఇప్పుడే బండిళ్లు పంచి వచ్చాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. యజమానుల సంగతి మాష్టారు చెప్పారు, పేపర్ మన దాకా ఎట్లా వస్తుందో నేను చెప్తా.

తెలుగు పేపర్ బండిల్‌లో మెయిన్ ఒకటి, జిల్లా పేజీలు ఒకటి వస్తాయి. జనం ముందు తీసేది జిల్లాదే. ఎవరు చనిపోయారు, ఏ కాలువకు నీళ్లు వదిలారు, మార్కెట్‌లో వడ్ల రేటు ఎంత. మెయిన్ మధ్యాహ్నానికి చూస్తారు. జిల్లాకో అనుబంధం అనే పద్ధతి ఈనాడు 1989లో మొదలుపెట్టింది, తర్వాత అందరూ పట్టుకున్నారు. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేట వాళ్లు మాకు మా పేజీలే కావాలని గొడవ కూడా చేశారు.

ఇంగ్లిష్ పేపర్ అట్లా కాదు. మా లైన్‌లో బ్యాంకు మేనేజర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, కాలేజీలు, పోటీ పరీక్షల పిల్లలు. అంతే. మన దిక్కు వచ్చేది రాత్రి తొందరగా అచ్చేసి పంపే ఎడిషన్. క్రికెట్ మ్యాచ్ ఆలస్యంగా అయిపోతే మన పేపర్‌లో ఫలితమే ఉండదు, హైదరాబాదు కాపీలో ఉంటుంది. పేరు ఒకటే, ధర ఒకటే, లోపలి సరుకు వేరు. ఈ సంగతి చందాదారులకు చెప్తే ఆశ్చర్యపోతారు.

పేపర్ మీద అచ్చేసిన ధరతో కాగితం ఖర్చు కూడా రాదని మా సర్క్యులేషన్ సార్లు ఎప్పుడూ అంటారు. అందులోంచే మా కమిషన్, బండి కిరాయి పోవాలి. మిగతాదంతా యాడ్ల డబ్బే.

వనపర్తి కవిత | ఆదివారం, ఉదయం 9:15

ఏజెంట్ అన్న చెప్పిన చివరి మాట దగ్గర నుంచి నేను అందుకుంటాను. నేను హైదరాబాదులో ఒక యాడ్ ఏజెన్సీలో మీడియా ప్లానింగ్ చేస్తాను. ఏ పేపర్‌లో, ఏ ఎడిషన్‌లో, ఎన్ని చదరపు సెంటీమీటర్లు కొనాలో కంపెనీలకు చెప్పడం నా ఉద్యోగం. రవళి నాన్నగారు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు నా టేబుల్ మీదే ఉంది. చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది.

మాకు రెండు లెక్కలు కావాలి. ఒకటి ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయి అన్నది. అది 1948 నుంచి ఉన్న ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఇస్తుంది. రెండోది ఎంతమంది చదివారు, వాళ్లు ఎలాంటి వాళ్లు అన్నది. దానికి ఇండియన్ రీడర్‌షిప్ సర్వే ఉండేది. 2019 చివరి త్రైమాసికం లెక్కల తర్వాత ఏళ్ల తరబడి కొత్తది రాలేదు. పాత అంకెలు, అనుభవం కలిపి నెట్టుకొస్తున్నాం.

ఆ సర్వేలో ప్రతి ఇంటినీ ఒక తరగతిలో వేస్తారు. ఏ1 నుంచి ఈ3 దాకా 12 మెట్లు. దానికి రెండే విషయాలు చూస్తారు. ఇంట్లో ఎక్కువ సంపాదించే మనిషి ఏం చదివాడు, 11 వస్తువుల్లో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి. కరెంటు కనెక్షన్, ఫ్యాను, గ్యాస్ పొయ్యి, టూవీలర్, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, కారు, ఏసీ. పదకొండోది వ్యవసాయ భూమి.

రవళీ, జాగ్రత్తగా చూడు. మీ నాన్నగారి బత్తాయి తోట ఎన్ని ఎకరాలైనా ఆ లెక్కలో ఒక ఫ్యానుతో సమానం, ఒక్క టిక్కు. ఆయన ఏడో తరగతి. ఎన్ని లక్షల కాయ అమ్మినా ఆయన పై మెట్టు ఎక్కరు. లగ్జరీ కారు, అపార్టుమెంటు, విదేశీ యూనివర్సిటీ యాడ్ ఇచ్చే కంపెనీ నన్ను అడిగేది పై మెట్ల పాఠకుడినే. ఆ పాఠకుడు ఎక్కువగా దొరికేది ఇంగ్లిష్ పేపర్ హైదరాబాదు సిటీ ఎడిషన్‌లో. అందుకే ఎంతో తక్కువ కాపీలు అమ్ముడయ్యే ఇంగ్లిష్ పేపర్‌కు ఒక్కో పాఠకుడి మీద తెలుగు పేపర్ కంటే ఎక్కువ రేటు పలుకుతుంది.

మీ ఊరి వార్త వేయొద్దని ఎవరూ కూర్చొని నిర్ణయించరు. పేజీలు ఎన్ని ఉండాలో యాడ్లను బట్టి తేలుతుంది. మిగిలిన జాగాలో సిటీ పాఠకుడికి పనికొచ్చే వార్త ముందు నిలబడుతుంది. దేవరకొండ వార్త క్యూలో చివరికి పోతుంది, పోయి పడిపోతుంది. మాది వనపర్తి. మా ఊరి పేరు ఆ పేపర్‌లో కనపడితే ఇప్పటికీ కత్తిరించి దాచుకుంటాను.

సూర్యాపేట శ్రీను | ఆదివారం, ఉదయం 9:48

ఫ్యాను, తోట ఒకటేనా!! ఇది చదివి మా అన్నకు చూపించాను. ఆయనకు మాట రాలేదు.

అచ్చంపేట పాత కంట్రిబ్యూటర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

కవిత గారు పై నుంచి చెప్పారు, నేను కింది నుంచి చెప్తాను. ఒక తెలుగు పేపర్‌కు మండల కంట్రిబ్యూటర్‌గా పదకొండేళ్లు చేశాను. పేరు చెప్పను. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన వార్తను కొలిచి నెల చివర లెక్క కట్టి ఇచ్చేవాళ్లు. ఆ డబ్బు పెట్రోలుకు సరిపోయేది కాదు. బతికింది యాడ్ కమిషన్ మీద. జనవరి 1, జూన్ 2, ఆగస్టు 15, దసరా, పేపర్ వార్షికోత్సవం, ప్రతి దానికీ టార్గెట్ ఉంటుంది. టార్గెట్ రోజు దగ్గర పడితే టెన్షన్‌తో అన్నం సయించేది కాదు. సర్పంచు, రైసు మిల్లు, ప్రైవేటు స్కూలు, ఆర్‌ఎంపీ, వీళ్ల దగ్గరికే పోవాలి. రేపు రాయాల్సిందీ వీళ్ల మీదే.

ఒక మిల్లు నుంచి వచ్చే నీళ్లతో చెరువులో చేపలు చచ్చాయని ఫొటోలతో సహా పంపాను. రాలేదు. మళ్లీ పంపాను. "ఆగస్టు 15కు వాళ్లు పావు పేజీ ఇస్తున్నారు కదా" అని ఫోన్ వచ్చింది. ఆ చెరువు కింద మా మేనమామ పొలం ఉంది. మరుసటి నెల మానేశాను.

ఇంగ్లిష్ పేపర్ల విలేకర్లను దగ్గరగా చూశాను. మంచి వాళ్లు, చదువుకున్న వాళ్లు, యాడ్ల కోసం తిరగరు. అది పెద్ద తేడా. కానీ నేను చూసినంతలో ఉమ్మడి పాలమూరు మొత్తానికి ఒక్కరే ఉండేవారు. అలంపూర్ నుంచి అమ్రాబాద్ దాకా ఒక్క మనిషి ఎట్లా తిరుగుతాడు? పొద్దున తెలుగు జిల్లా పేజీలు చూసి, అందులో రాష్ట్రం స్థాయిలో నిలబడే ముక్క పట్టుకొని రాసేవాళ్లు. కాబట్టి మా మిల్లు వార్త జిల్లా పేజీలో పడకపోతే వాళ్లకు కూడా తెలియదు. కింద ఆగిపోయింది పైన పుట్టదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మరుసటి రోజుకు దేశంలోని పెద్ద పేపర్లన్నీ మా కొండ మీద ఉన్నాయి. వాళ్లు రాసినవి బాగున్నాయి, తప్పు పట్టను. కానీ ఆ సొరంగం నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు ఇవ్వడానికి మొదలైంది. ఇరవై ఏళ్లుగా నత్తనడక నడుస్తోంది. ఆ ఇరవై ఏళ్లలో వరుసగా, ఓపికగా ఎవరైనా వెంటపడి రాశారా అంటే, నేను చెప్పుకోదగ్గట్టు చూడలేదు.

పాలమూరు మాష్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:05

కంట్రిబ్యూటర్ గారి బాధ నిజం. అయినా ఒక మాట న్యాయంగా చెప్పాలి. అదే ది హిందూలో 2003లో జర్నలిస్టు పి. సాయినాథ్ మహబూబ్‌నగర్ నుంచి ముంబై పోయే వలస బస్సు గురించి రాశారు. వారానికి ఒక్క బస్సు ఉన్న దారిలో పదేళ్లలో ఎన్ని బస్సులు పెరిగాయో లెక్కపెట్టి చూపించారు. మన పాలమూరు లేబర్ కష్టం ఢిల్లీలో కూర్చున్న వాళ్లకు తెలిసింది అట్లాంటి రాతల వల్లే. ఆ తర్వాత ఏళ్ల పాటు గ్రామీణ వ్యవహారాల సంపాదకుడు అనే హోదాతోనే ఆయన ఆ పేపర్‌లో ఉన్నారు. పై మెట్ల పాఠకుడికి అమ్మే పేపర్ కూడా, ఎడిటర్ పట్టుబడితే, కింది మెట్టు వాడి కథకు నిండు పేజీ ఇవ్వగలదు. అందుకే ఎడిటర్ ఎవరన్నది ముఖ్యం.

నకిరేకల్ నరేష్ | ఆదివారం, సాయంత్రం 4:20

నేను మొదట తేలిగ్గా మాట్లాడాను, ఏమనుకోకండి. ఇప్పుడు నాదే ఒక సమస్య ఉంది. మూడు వారాల కింద ఒక తెలుగు పేపర్ జిల్లా పేజీలో నకిలీ విత్తనాల కేసు గురించి వేశారు. వేరే ఊరి మనిషి బదులు మా చిన్నాయన ఫొటో పడింది. ఇద్దరి పేర్లు ఒకటే. షాపులో అప్పు పుట్టడం లేదు ఆయనకు. రిపోర్టర్‌ను అడిగితే చూద్దాం అంటున్నాడు. ఎవరికి చెప్పుకోవాలి?

గద్వాల వకీలు | ఆదివారం, సాయంత్రం 5:35

తమ్ముడూ, రిపోర్టర్ చుట్టూ తిరగడం ఆపు. ఇంప్రింట్‌లో ఉన్న ఎడిటర్ పేరు మీద స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపు. కటింగ్ జత చెయ్యి. ఏది తప్పో, ఏం సవరణ వేయాలో స్పష్టంగా రాయి. జవాబు రాకపోయినా, సరిగ్గా లేకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల లోపే చేయాలి. నీకు ఇప్పటికే మూడు వారాలు పోయాయి. కటింగ్‌కు ఇంగ్లిష్ లేదా హిందీ అనువాదం పెట్టాలి. ఈ విషయం మీద కోర్టులో కేసు ఏదీ నడవడం లేదని రాసి సంతకం చేయాలి. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు.

ఏం జరుగుతుందో కూడా ముందే చెప్తాను, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ప్రెస్ కౌన్సిల్ 1966లో ఏర్పడింది. ఎమర్జెన్సీలో రద్దు చేశారు. 1978 చట్టంతో మళ్లీ వచ్చింది. ఛైర్మన్ కాక 28 మంది సభ్యులు. వాళ్లలో 20 మంది పత్రికల వైపు వాళ్లే, ఎడిటర్లు, జర్నలిస్టులు, యజమానులు. ఐదుగురు ఎంపీలు. తప్పని తేలితే హెచ్చరించవచ్చు, మందలించవచ్చు, అభిశంసించవచ్చు, ఆ నిర్ణయాన్ని పేపర్‌లో వేయమనవచ్చు. జరిమానా వేసే అధికారం లేదు. మీ చిన్నాయనకు నష్టపరిహారం కావాలంటే సివిల్ కోర్టే దిక్కు.

సూర్యాపేట శ్రీను | ఆదివారం, సాయంత్రం 5:50

అంటే కోరల్లేని పాము. మరి ప్రభుత్వమే గట్టిగా పట్టుకోవచ్చు కదా సార్?

గద్వాల వకీలు | ఆదివారం, సాయంత్రం 6:30

శ్రీను గారూ, అక్కడే ఆగి ఆలోచించాలి. రవళి గారికి పాలిటీలో కూడా పనికొస్తుంది. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని విడిగా మాట లేదు. అధికరణ 19(1)(ఎ) కింద పౌరుడికి ఉన్న భావప్రకటన హక్కులోంచే అది వస్తుంది. ఇంత ధరకు ఇన్ని పేజీలే వేయాలని కేంద్రం ఉత్తర్వు తెస్తే 1962లో సకాల్ పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. న్యూస్‌ప్రింట్ కొరత పేరుతో పది పేజీలు దాటొద్దంటే 1972లో బెనెట్ కోల్మన్ కేసులో అదీ నిలవలేదు. పేజీల సంఖ్య, ధర ప్రభుత్వం చేతికి పోతే, నచ్చని పేపర్‌ను చంపడానికి ఇంకేం అక్కర్లేదని కోర్టు గుర్తించింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్‌కు నిరసనగా ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం జాగా ఖాళీగా వదిలి అచ్చేసింది గుర్తుంది కదా. గట్టిగా పట్టుకోవడం అంటే అప్పుడు జరిగింది అదే.

విదేశీ పెట్టుబడికి మాత్రం గీత ఉంది. 1955 నుంచి వార్తాపత్రికల్లోకి అసలు రానివ్వలేదు, 2002లో 26 శాతం దాకా అనుమతించారు. కానీ మన దేశంలో ఒకరికే పేపరు, టీవీ ఛానెలు, కాంట్రాక్టులు అన్నీ ఉంటే అడ్డుకునే చట్టం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014లో దీని మీద పెద్ద సిఫారసులే చేసింది. రాజకీయ పార్టీలను ప్రసార రంగంలోకి రానివ్వొద్దని కూడా చెప్పింది. అవి ఫైళ్లలోనే ఉన్నాయి.

నాకు చాలా కోపం తెప్పించే విషయం ఇంకొకటి. 2009 ఎన్నికల తర్వాత డబ్బు తీసుకొని వార్తలు వేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో విచారణ చేయించింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు పేపర్ల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ ఆ పూర్తి నివేదికను బయట పెట్టకుండా చిన్నది ఒకటి విడుదల చేసింది. సమాచార హక్కు కింద పోరాడితే 2011లో అసలుది బయటికొచ్చింది. అభ్యర్థి పొగడ్త వార్త రెండు వేర్వేరు పేపర్లలో అక్షరం పొల్లు పోకుండా ఎట్లా వస్తుందో తెలుసుకోవాలంటే అది చదవండి. ప్రతి ఎన్నికలకూ మన జిల్లాలో నేను అదే చూస్తున్నాను.

వనపర్తి కవిత | ఆదివారం, రాత్రి 7:45

పేపర్లను ప్రభుత్వం ఆడించేది చట్టంతో కాదు వకీలు గారూ, ప్రకటనలతో. రాష్ట్ర సమాచార శాఖ, కేంద్రంలో ప్రభుత్వ ప్రకటనలు చూసే సీబీసీ (సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్) ఇచ్చే యాడ్లు నెలకు ఎంత వస్తాయన్నది చిన్న పేపర్లకు ప్రాణం మీదికి వచ్చే విషయం. మొదటి పేజీని కప్పేసే జాకెట్ యాడ్ ఏ పేపర్‌కు వచ్చింది, ఏ పేపర్‌కు ఆగిపోయింది అన్నది ఏజెన్సీల్లో అందరం గమనిస్తాం. ప్రభుత్వ ప్రకటనల్లో నాయకుల ఫొటోలకు 2015లో సుప్రీంకోర్టు హద్దు పెట్టింది. మరుసటి ఏడాదే ముఖ్యమంత్రులకు, మంత్రులకు సడలించింది. ఏ పేపర్‌కు ఎన్ని ఇవ్వాలన్నది మాత్రం ఇప్పటికీ ఆఫీసుల్లోనే తేలుతుంది.

దేవరకొండ రవళి | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇదంతా నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఫ్యాను సంగతి దగ్గర ఆపించి మళ్లీ చదివించుకున్నారు. "అయితే వాళ్ల లెక్కల నేను లేను" అన్నారు. కాసేపాగి, "నువ్వైతే ఉంటవు గద, నీ ఉద్యోగం వచ్చినంక" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నేను ఒకటి అనుకున్నాను. దేవరకొండ దిక్కు బత్తాయి తోటలు నీళ్లు లేక ఎండితే రైతులు చెట్లు కొట్టేస్తున్నారు. దాని మీద ది హిందూ ఎడిటర్‌కు ఇంగ్లిష్‌లో ఉత్తరం రాస్తున్నాను. ఆ పేపర్ చదివే దాన్నే కాబట్టి అడిగే హక్కు నాకుంది. రాసి ఇక్కడ పెడతాను, మాష్టారు, కంట్రిబ్యూటర్ అన్న ఒకసారి చూసి దిద్దండి. మా లైబ్రరీలో మార్చి కట్టలు అటెండర్ వెతికి పెడతానన్నాడు.

అచ్చంపేట పాత కంట్రిబ్యూటర్ | ఆదివారం, రాత్రి 9:32

తప్పకుండా చూస్తా చెల్లే. ఊరి పేర్లు, ఎకరాలు, ఎన్ని చెట్లు, ఏ నెలలో కొట్టారు, అన్నీ నువ్వు స్వయంగా చూసినవే రాయి. ఉత్తరాల పేజీకి చిన్నగా ఉండాలి. నూటయాభై మాటలు దాటనివ్వకు.

నకిరేకల్ నరేష్ | ఆదివారం, రాత్రి 9:50

వకీలు సార్, ఎడిటర్ పేరు దొరకలేదు. మా దగ్గర ఉన్నది ఫొటో పడిన జిల్లా పేజీ ఒక్కటే, మెయిన్ ఎవరో బజ్జీల పొట్లానికి తీసుకుపోయారు.

మిర్యాలగూడ ఏజెంట్ | ఆదివారం, రాత్రి 10:05

నరేష్ బాబూ, తేదీ చెప్పు. మిగిలిపోయిన కాపీలు నెల దాకా నా దగ్గరే ఉంటాయి. మెయిన్ మొత్తం తీసి పెడతా. పొద్దున ఆరింటి లోపు బస్టాండు దగ్గరికి రా.